బండి కొనేముందు వెనక సీట్లో కూర్చుని చూడండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో కొత్త బండ్ల గురించి వచ్చేవన్నీ చదువుతుంటాను. ఫోర్ వీల్ డ్రైవ్ బండి (ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందేది) గురించి రాసిన ప్రతిసారీ ఇంజిన్ పవర్ ఎంత, స్క్రీన్ ఎంత పెద్దది, సన్‌రూఫ్ ఉందా లేదా అనే ఉంటోంది తప్ప వెనక కూర్చున్నవాళ్ల నడుం ఏమవుతుందో, ఐదేళ్లు తిప్పితే ఎంత ఖర్చవుతుందో ఎవరూ రాయడం లేదు. ఒడిశాలో రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, కొరాపుట్ వైపు ఉండే మా తెలుగువాళ్లకు ముందు కావలసింది ఆ రెండు సంగతులే.

మాకు పెద్ద జబ్బు చేస్తే చాలామందిమి విశాఖపట్నమే పోతాం. రాయగడ నుంచైతే పార్వతీపురం, బొబ్బిలి మీదుగా, కొరాపుట్ నుంచైతే సుంకి ఘాట్ దిగి సాలూరు మీదుగా. ఆ బండిలో వెనక కూర్చునేది ఆపరేషన్ అయిన తల్లి, లేదా నెలలు నిండిన కూతురు. అందుకే షోరూంకి వెళ్లినప్పుడు స్టీరింగ్ ముందు కూర్చుని మురిసిపోకుండా, ఇంట్లో పెద్దవాళ్లని వెనక కూర్చోబెట్టి, గుంతలున్న రోడ్డు మీద కాసేపు తిప్పమని అడగండి. మెయిన్ రోడ్డు మీద ఒక రౌండు కొట్టిస్తే ఏ బండైనా బాగానే ఉంటుంది.

కుదుపు ఎందుకొస్తుందో కూడా తెలిసుండాలి. వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉన్న బండిలో ఒక చక్రం గోతిలో పడితే రెండోదీ కదులుతుంది, లోపలున్నవాళ్లు పక్కలకి ఊగిపోతారు. కింద కమాన్ పట్టీలుంటే బరువు మోయడానికి బాగుంటాయి కానీ ఖాళీగా వెళ్తే ఎగరేస్తాయి. కాయిల్ స్ప్రింగులుంటే కొంత నయం, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్ (కుదుపును మింగే అమరిక) ఉంటే ఇంకా సుఖం. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం కూడా చూడాలి. మూడు తలుపుల మహీంద్రా థార్‌లో అది 2,450 మి.మీ., మారుతి జిమ్నీలో 2,590, మహీంద్రా స్కార్పియో ఎన్‌లో 2,750. ఈ దూరం తక్కువైతే బండి ఇరుకు మలుపుల్లో తేలిగ్గా తిరుగుతుంది కానీ గతుకుల మీద ముందుకీ వెనక్కీ ఊపేస్తుంది. థార్ కొండెక్కడంలో గట్టిదే, ఇంట్లో ముసలివాళ్లుంటే మాత్రం నేను దాన్ని కొనమని చెప్పలేను.

ఇక ఫోర్ వీల్ డ్రైవ్ నిజంగా ఎవరికి కావాలి? కాశీపూర్, కల్యాణసింగ్‌పూర్ పక్క కొండ ఊళ్లకి వానాకాలంలో ఎర్రమట్టి దారిలో, గెడ్డలు దాటి వెళ్లేవాళ్లకి కావాలి. వాళ్లకైతే లో రేంజ్ గేరు (బండిని చాలా నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే గేరు) ఉన్నదే కావాలి, ఎందుకంటే జారుడు దిగుడులో బ్రేకు తొక్కకుండా ఇంజిన్ పట్టు మీద మెల్లగా దిగాలి. జిమ్నీలో, థార్‌లో, స్కార్పియో ఎన్ ఫోర్ వీల్ డ్రైవ్ రకంలో అది ఉంది. ఎప్పుడో ఒకసారి బురద తగిలే మిగతావాళ్లకి మారుతి గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్ (అందులో ఫోర్ వీల్ డ్రైవ్ రకం) లాంటిది చాలు, లో రేంజ్ లేకపోయినా రోజువారీ ప్రయాణం హాయిగా ఉంటుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, గ్రాండ్ విటారాలో లీటరుకి 27.97 కిలోమీటర్ల మైలేజ్ అని చెప్పేది స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోలుతో పాటు బ్యాటరీ మోటారు కూడా నడిపే రకం) గురించి, 2022లో బండి వచ్చినప్పుడు ఆల్‌గ్రిప్ మాన్యువల్‌కి కంపెనీ చెప్పింది 19.38. జిమ్నీ మాన్యువల్‌కి కంపెనీ లెక్క 16.94. ఘాట్ రోడ్డులో ఏదైనా ఇంకా తగ్గుతుంది. ఊళ్లోనూ తారు రోడ్డు మీదా మాత్రమే తిరిగేవాళ్లు అసలు ఫోర్ వీల్ డ్రైవ్‌కి డబ్బు పెట్టక్కర్లేదు, ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించుకోవచ్చు. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందినంత మాత్రాన బండి ముందే ఆగదు కదా, తడి రోడ్డు మీద ఆపేది టైరే!

ఖర్చు విషయానికొస్తే నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాళ్లకి లీటరుకి పది ఇచ్చే బండికీ పదిహేను ఇచ్చే బండికీ తేడా నెలకి 33 లీటర్లు. కొనేటప్పుడు ఈ లెక్క వేసేవాళ్లు తక్కువ. కొత్త బీఎస్6 (పొగ కాలుష్యం నిబంధనల) డీజిల్ బండ్లలో పొగ గొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, అది శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడూ కాస్త వేగంగా, ఆగకుండా కొంతసేపు పోవాలి. బజారుకీ బడికీ మాత్రమే తిప్పితే అది మూసుకుపోయి బిల్లు పేలిపోతుంది, అలాంటివాళ్లకి పెట్రోలే మేలు. థార్, జిమ్నీ లాంటి వాటిలో ఫోర్ వీల్ డ్రైవ్ వేసుకుని పొడి తారు రోడ్డు మీద తిప్పకండి, మలుపుల్లో ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒక్కలా తిరగవు కాబట్టి గేర్ల మీద ఒత్తిడి పడి టైర్లు అరిగిపోతాయి. నాలుగు టైర్లూ ఒకే సైజువి, ఇంచుమించు ఒకే అరుగుదలతో ఉండాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ బలాన్ని ముందు వెనక చక్రాలకు పంచేది) ఆయిల్, డిఫరెన్షియల్ (ఎడమ కుడి చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చేది) ఆయిల్ మార్చడానికి ఎంతవుతుందో సర్వీస్ సెంటర్‌లో ముందే అడగండి.

పాత బండి అయితే నా మనసులో మొదట ఉండేది రెనో డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్ (ఇదీ నాలుగు చక్రాలకూ బలం అందేదే). 2014లో వచ్చింది, దాని వెనక చక్రాలకి కూడా విడివిడి సస్పెన్షన్. లో రేంజ్ లేదు కానీ మొదటి గేరు నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగేది కాబట్టి ఎత్తులు బాగానే లాగుతుంది. ఆ పాత మోడల్ తయారీ ఆగిపోయింది కనుక విడిభాగాల సంగతి మెకానిక్‌ని అడిగాకే బేరం చేయండి. మావాళ్లు విశాఖ నుంచి పాత బండ్లు తెస్తుంటారు. వేరే రాష్ట్రం నంబరు బండి 12 నెలలకు మించి ఇక్కడే ఉంటే మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, దానికి పాత రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) కావాలి, ఒడిశా రోడ్ టాక్స్ కట్టాలి. ఆ డబ్బు కలుపుకున్నాకే చవకో కాదో తేల్చుకోండి.

మీ పత్రికలో వాహనాల గురించి రాసేవాళ్లని ఒక్కసారి సుంకి ఘాట్ మీదుగా పంపండి, బండి నడిపించడానికి కాదు, వెనక సీట్లో కూర్చోవడానికి. మైలేజ్‌తో పాటు టైర్ల ధర, సర్వీస్ ఖర్చు కూడా ప్రతి వ్యాసంలో వేయమని నా విన్నపం.

ఇట్లు,
మీ పాఠకుడు, రాయగడ