సిరామిక్ శిక్షణలో మట్టికి, బూడిదకు, ఆకుకు చోటివ్వండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సాంస్కృతిక, హస్తకళల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

ప్రభుత్వ ఆదరణతో నడిచే సిరామిక్ శిక్షణ తరగతుల్లో విద్యార్థికి సంచుల్లో వచ్చిన మట్టి, డబ్బాల్లో వచ్చిన గ్లేజు (కాలినప్పుడు పాత్ర మీద గాజులా మారే పూత), అచ్చు వేసిన పూల బొమ్మలు ఇస్తున్నారు. ఆ పూలను పాత్ర మీదికి ఎక్కిస్తే ప్రకృతి నుంచి స్ఫూర్తి పొందినట్టే లెక్క. మట్టిని, రాతిపొడిని, బూడిదను విద్యార్థులు స్వయంగా సేకరించి, కాల్చి పరీక్షించడాన్ని శిక్షణలో తప్పనిసరి చేయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. మా కళలో ప్రకృతి పాత్ర మీద గీసే బొమ్మలోకి రావడానికి ముందే పాత్రగా మారే పదార్థంలో ఉంటుంది.

ఒక ఆకునే తీసుకోండి. పలకలా పరచిన తడిమట్టి మీద, ఈనెలు ఉబ్బెత్తుగా ఉండే అడుగువైపు మట్టికి తగిలేలా ఆకును ఉంచి, కర్రతో ఒకే ఒత్తిడితో దొర్లించి, తొడిమ దగ్గర పట్టుకుని మెల్లగా లేపితే నడిమి ఈనె లోతుగా, పక్క ఈనెలు వెంట్రుక మందాన ముద్రపడతాయి. అంచులు ముందే ఆరిపోతే పలక వంకర తిరుగుతుంది కనుక దాన్ని కప్పి ఉంచి నిదానంగా ఆరనివ్వాలి. మొదటి కాల్పు అయ్యాక కట్టెల బూడిద, ఫెల్డ్‌స్పార్ అనే రాతి ఖనిజపు పొడి, బంకమట్టి కలిపిన గ్లేజు పూసి సుమారు 1250 డిగ్రీల సెల్సియస్ వరకు కాలిస్తే, బూడిదలోని కాల్షియం వల్ల పలచగా కరిగిన గ్లేజు మిట్టల మీద నుంచి జారి ఈనెల గాళ్లలోకి చేరుతుంది, చేరిన చోట రంగు చిక్కబడుతుంది. ఆ ఈనెలకు ఎవరూ కుంచెతో రంగు వేయలేదు. గ్లేజులో ఒకటి రెండు శాతం ఐరన్ ఆక్సైడ్ ఉంటే, బట్టీలోకి గాలి ధారాళంగా వచ్చినప్పుడు తేనెరంగు ఛాయ, గాలి తగ్గించి కాల్చినప్పుడు లేత ఆకుపచ్చ ఛాయ వస్తాయి.

బూడిదలన్నీ ఒకటి కావు. కట్టెల బూడిదలో సాధారణంగా కాల్షియం ఎక్కువ. వరిపొట్టు బూడిదలో చాలా భాగం ఇసుకలో ఉండే సిలికాయే కనుక అది ఒంటరిగా కరగదు. ఏ చెట్టు, ఏ నేలలో పెరిగింది అన్నదాన్ని బట్టి కూడా గ్లేజు మారుతుంది. డబ్బాలో వచ్చే గ్లేజును ఈ తేడాలు లేకుండా చేయడానికే తయారుచేస్తారు. గోడపలకలు చేసే కర్మాగారానికి అది అవసరమే, కాదనను. కళ నేర్చుకునేవారికి మాత్రం ఆ తేడాలే అసలు పాఠం.

ఇదేమీ కొత్త వాదన కాదు. చైనాలోని జిజౌ బట్టీల్లో సుంగ్ వంశ కాలపు కుమ్మరులు నల్లని గ్లేజు మీద నిజమైన ఆకునే ఉంచి కాల్చారు. ఆకు కాలిపోయింది, దాని బూడిద గ్లేజులో కలిసి ఈనెల జాడను గిన్నెలో నిలిపింది. 16వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ పలిసీ అనే కుమ్మరి బల్లులు, పాములు, చేపలు, ఆల్చిప్పలకు అచ్చులు తీసి పళ్లేల మీద పోతపోశాడు. శిలాజాలు ఒకప్పటి ప్రాణుల అవశేషాలేనని వాదించిందీ ఆయనే. గవ్వను చేతిలో తిప్పి చూసే అలవాటు ఆయనను రెండు పనులకూ సిద్ధం చేసిందని నా అభిప్రాయం.

విద్యార్థులు తలా ఒక రకం మట్టి తెస్తే మార్కులు ఎలా వేయాలని అధికారులు అడగవచ్చు. ప్రతి విద్యార్థీ పరీక్ష బిళ్లలు కాల్చి, ఏది ఎంత కలిపిందీ, ఎన్ని డిగ్రీల వరకు కాల్చిందీ, ఎంతసేపట్లో చల్లార్చిందీ రాసిపెడితే, నకలు తీసిన పువ్వు కన్నా ఆ నమోదును అంచనా వేయడమే తేలిక. మట్టి కోసం అడవులను, చెరువుగట్లను తవ్వనక్కరలేదు. రోడ్లకు, పునాదులకు తవ్వి పోసిన మట్టిలోంచి కొద్ది పరిమాణం తీసుకోవడానికి శిక్షణ కేంద్రాలకు సులభమైన అనుమతి ఇస్తే చాలు. సిలికా ధూళి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది కాబట్టి పొడులు కలిపే గదికి గాలి వెలికితీసే ఏర్పాటు, విద్యార్థులకు తగిన మాస్కులు ఉండాలి.

వచ్చే విద్యా సంవత్సరపు పాఠ్యప్రణాళిక ఖరారయ్యే లోపు, పనిచేస్తున్న కళాకారులను, సిరామిక్ శాస్త్రం తెలిసినవారిని ఒకచోట కూర్చోబెట్టి ఈ మార్పుపై నిర్ణయం తీసుకోవలసిందిగా, కేంద్రాల్లో గాలిని అదుపు చేయగల ఉమ్మడి బట్టీకి నిధులు కేటాయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక సిరామిక్ కళాకారిణి