పెళ్లి డేట్ ఫిక్సయ్యాక గుర్తొచ్చే జ్ఞానస్నానం

ఎడిటర్ గారికి నమస్కారం,

ఫ్రాన్సులో పెద్దవాళ్ళు వేలల్లో కతోలిక సంఘంలో చేరుతున్నారని వార్తలొచ్చాయి కదా, 2025 ఈస్టర్‌కి 10,384 మంది పెద్దవాళ్ళు జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం తీసుకున్నారు, అంతకుముందు ఏడాది 7,135 మందే. మా వాట్సాప్ గ్రూపుల్లో ఆ నంబర్ తెగ తిరిగింది, కింద చప్పట్ల బొమ్మలు. కానీ అలా వచ్చినవాళ్ళల్లో చాలామంది ఏడాది పైనే, కొంతమంది రెండేళ్ళ దాకా ప్రిపేర్ అయి వచ్చారన్న సంగతి మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు. నాకు కావాల్సింది ఆ రెండో సంగతే.

మా గుంటూరు వైపు ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) చర్చిల్లో పెద్దవాళ్ళకి జ్ఞానస్నానం అంటే నేను చూసినంతలో ఎక్కువ పెళ్లి కేసులే. అబ్బాయి కతోలిక, అమ్మాయి హిందువు, ఇష్టపడ్డారు, రెండు వైపులా పెద్దలు ఎలాగో ఒప్పుకున్నారు, ఫంక్షన్ హాల్‌కి అడ్వాన్స్ ఇచ్చారు, కార్డులు ప్రింటింగ్‌కి వెళ్ళాయి, అప్పుడు గుర్తొస్తుంది అమ్మాయికి స్నానం ఇప్పించాలని. పరుగున ఫాదర్ గారి దగ్గరికి, ఫాదర్ గారు మతపాఠాలు చెప్పే ఉపదేశి గారికి అప్పజెప్తారు, ఆయన పాపం పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం బట్టీ పట్టించి, ఓ సాయంత్రం నలుగురి మధ్య స్నానం, ఒక పునీతురాలి (సెయింట్) పేరు, ఫొటో, అయిపోయింది. డ్రైవింగ్ లైసెన్స్‌కైనా ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని నెల రోజులు ఆగాలి కదండీ! ఆ పిల్లని పక్కకి పిలిచి, అమ్మా నీకు ఇష్టమేనా, యేసు ప్రభువు మీద నమ్మకం కుదిరిందా లేక అత్తగారింటి కోసమా అని అడిగిన మనిషి ఉన్నాడా అంటే అనుమానమే.

ఇంతకీ పెళ్లి కోసం స్నానం తీసుకోవాలి అనే రూలే లేదు. చాలామందికి ఇది తెలీదు, తెలిసినవాళ్ళు చెప్పరు. కతోలికులు జ్ఞానస్నానం లేనివాళ్ళని చేసుకోవాలంటే పీఠాధిపతుల (బిషప్పు గారి) నుంచి మినహాయింపు తెచ్చుకోవచ్చు, తిరుసభ, అంటే కతోలిక చర్చి, చట్టం 1086 దాని గురించే. కతోలిక వైపువాళ్ళు తమ విశ్వాసం వదులుకోబోమని, పిల్లలకి కతోలిక సంఘంలో స్నానం ఇప్పించడానికి చేతనైనంత చేస్తామని మాటివ్వాలి, ఆ సంగతి అవతలివాళ్ళకి తెలియజెయ్యాలి, అంతే. గవర్నమెంట్ వైపు చూసినా 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టంలో ఇద్దరిలో ఒక్కరు క్రైస్తవులైతే చాలు. అంటే ఆ అమ్మాయి పెళ్లి చేసుకుని, పూజకి వస్తూ పోతూ, నాలుగేళ్ళకో పదేళ్ళకో తనంతట తను అడిగినప్పుడు స్నానం తీసుకోవచ్చు, ఎప్పటికీ అడక్కపోయినా ఆ పెళ్లి పెళ్లే.

నిజంగా కావాలని వచ్చేవాళ్ళకి అసలు పద్ధతి ఎంత బాగుంటుందో మనవాళ్ళు చూడలేదు. మొదటి శతాబ్దాల్లో ఉండి తర్వాత మరుగున పడిపోయిన దాన్ని 1960ల్లో బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ మళ్ళీ తెమ్మంది, 1972లో రోము నుంచి కొత్త క్రమం వచ్చింది. ముందు ఊరికే వచ్చి కూర్చోవడం, డౌట్లు అడగడం. తర్వాత ఒకరోజు గుడి గుమ్మం దగ్గరే ఆపి నీకేం కావాలి అని అడుగుతారు, నుదుటి మీద సిలువ గుర్తు వేస్తారు, చెవులు కళ్ళు పెదాల మీద కూడా వెయ్యొచ్చు. అక్కడి నుంచి నెలల తరబడి వాక్యం, సత్యోపదేశం, సంఘంతో కలిసి తిరగడం. ఈస్టర్‌కి ముందొచ్చే తపస్సుకాలం (లెంట్) మొదటి ఆదివారం పీఠాధిపతుల ముందు పేరు నమోదు, మూడు నాలుగు ఐదు ఆదివారాల్లో సమరియ స్త్రీ, పుట్టుగుడ్డివాడు, లాజరు సువిశేషాలు చదివి వాళ్ళ కోసం ప్రత్యేక ప్రార్థనలు. అప్పుడు పాస్కా (ఈస్టర్) జాగరణ రాత్రి స్నానం, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), మొదటి సత్ప్రసాదం (కమ్యూనియన్) మూడూ ఒకేసారి. పునీత అగుస్తీను గారు 387లో మిలాన్‌లో అక్కడి బిషప్పు అంబ్రోసు గారి చేతుల మీదుగా స్నానం తీసుకున్నది కూడా పాస్కా జాగరణ రాత్రే.

మధ్యలో ఆ మనిషి చనిపోతే? మన ఊళ్ళల్లో సమాధుల తోట గొడవలు ఎలా ఉంటాయో తెలుసు కదా, అందుకే చెప్తున్నా, అలా ప్రిపేర్ అవుతూ స్నానం తీసుకోకముందే పోయినవాళ్ళని అంత్యక్రియల విషయంలో కతోలికులతో సమానంగా చూడాలని తిరుసభ చట్టం 1183లో ఉంది. కాబట్టి తొందర తొందరగా నీళ్ళు పోసెయ్యాలన్న భయం అక్కర్లేదు.

ఇంకొకటి, లూథరన్, సీఎస్ఐ లాంటి ప్రొటెస్టెంట్ ఇళ్ళ నుంచి వచ్చే కోడళ్ళకి మళ్ళీ స్నానం ఇవ్వాలని కొందరు అత్తగార్ల పట్టుదల. అది కుదరదండీ. తండ్రి, కుమార, పవిత్రాత్మ పేరున నీళ్ళతో తీసుకున్న స్నానం చెల్లుతుంది, దాన్ని రెండోసారి ఇవ్వరు. వాళ్ళు విశ్వాసం ప్రకటించి సంఘంలోకి వస్తారు, అంతే.

ఎస్సీ కుటుంబాల వాళ్ళకి ఇంకో విషయం ముందే చెప్పి తీరాలి. ఎస్సీల మీద 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్ళకే ఎస్సీ హోదా, క్రైస్తవుల్లోకి మారితే మన దగ్గర బీసీ సీ కిందకొస్తారు. ఇది న్యాయమా కాదా అనేది వేరే గొడవ, నన్నడిగితే కాదనే అంటా. కానీ స్కాలర్‌షిప్పు, ఉద్యోగం ఆ సర్టిఫికెట్ మీద ఆధారపడ్డ కుర్రాడికి ఈ మాట స్నానం అయ్యాక తెలియడం మాత్రం మన తప్పే.

స్నానం అప్పుడు పక్కన నిలబడే జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి (గాడ్‌పేరెంట్స్) సంగతి కూడా అంతే. కనీసం 16 ఏళ్ళు నిండి, అభ్యంగనం పొంది, విశ్వాసంలో బతికే కతోలికులై ఉండాలి. మనం చూసేదేమో మంచి చీర కొనిపెట్టే వాళ్ళెవరా అని. స్నానం అయిన ఆర్నెల్లకి ఆ పిల్ల చర్చిలో ఒక్కతే వెనక బెంచీలో కూర్చుంటే, పలకరించాల్సింది ఆ జ్ఞానతల్లే. ఈస్టర్ నుంచి యాభయ్యో రోజున వచ్చే పెంతెకోస్తు పండగ దాకా కొత్తవాళ్ళని సంఘంలో కలుపుకునే టైమ్ అని పెట్టిందే అందుకు, మన దగ్గర ఆ టైమ్‌కి ఎండలు, సెలవులు, అందరూ ఊళ్ళకి పోతారు.

ఫాదర్ గార్లని నేను తప్పు పట్టట్లేదు, ఒక్కొక్కరు ఎన్ని సబ్‌స్టేషన్లు (చుట్టుపక్కల ఊళ్ళ చిన్న చర్చిలు) చూస్తారో మాకు తెలుసు. అందుకే ప్రతి విచారణలో (పారిష్‌లో) కాకపోయినా నాలుగైదు విచారణలు కలిపి ఒక క్లాసు పెట్టమంటున్నా, దసరా సెలవులు అవగానే మొదలెడితే వచ్చే ఏడాది పాస్కాకి గానీ ఆపై ఏడాదికి గానీ సిద్ధమవుతారు. ఉపదేశులకి, సిస్టర్స్‌కి తోడు మాలాంటి రిటైరైన టీచర్లం ఖాళీగానే ఉన్నాం, పిలిస్తే వస్తాం. చర్చి బోర్డు మీద ఆ క్లాసు రోజు, టైమ్, ఫోన్ నంబర్ రాయండి, పెళ్లిమాటలు మొదలైన ఇంటివాళ్ళకి కార్డులు వెయ్యకముందే కనబడేలా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్, గుంటూరు జిల్లా