మా జాలీ గోడల్ని పూడ్చేయకండి సార్

గౌరవనీయులైన ఉన్నతాధికారి గారికి,

నమస్కారం. ఇది నా నాలుగో అర్జీ. మొదటి రెండూ ఇంగ్లీషులో, మూడోది హిందీలో రాశాను. మూడింటికీ ఒకటే జవాబు, ‘సంబంధిత విభాగానికి పంపడమైనది’ అని. మీరూ తెలుగువారేనని తెలిసి ఈసారి తెలుగులో, పదిమందీ చదివేలా రాస్తున్నాను.

చండీగఢ్ సెక్టార్ 22లో మా ప్రభుత్వ క్వార్టర్ల వరుసలో వరండా జాలీలను, అంటే ఇటుకల మధ్య ఖాళీలు వదిలి కట్టిన గోడల్ని, సిమెంటుతో పూడ్చేస్తున్నారు. పావురాలు లోపలికి వస్తున్నాయని ఎవరో కంప్లయింట్ చేశారట. పావురాలొస్తే వల కట్టుకోవచ్చు కదా సార్, గోడనే మూసేయాలా?

మా జాలీ చూడ్డానికి ఏమంత ఉండదు. ఒక ఇటుక, ఒక ఖాళీ, మళ్ళీ ఇటుక. పొద్దున ఏడింటికి దాని నీడ గళ్ళుగళ్ళుగా గడప దగ్గర పడుతుంది. ఎండ పైకెక్కేకొద్దీ ఆ గళ్ళు వెనక్కి జరుగుతూ జాలీ మొదట్లోకి వెళ్ళిపోతాయి. లోపలికి ఎండ రాదు, గాలి మాత్రం ఆగదు. మే నెలలో కరెంటు పోయినా మా ఆవిడ ఆ వరండాలోనే కూర్చుని కూరగాయలు తరుగుతుంది. పక్కింటి జాలీ పూడ్చాక వాళ్ళ వరండా గోడ రాత్రి పదింటికి కూడా చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. ఆ ఇంటి పెద్దావిడ మంచం తెచ్చి మా వరండాలో వేసుకుంది. వద్దని ఎలా అంటాం?

ఈ ఊరి కథ మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ మీ ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీరు గారు ‘ఇది కార్బూజియే కట్టింది కాదు కదా’ అన్నారు. నిజమే, ఈ నగరానికి ప్లాను గీసిన ఆ పెద్ద ఆర్కిటెక్టు కట్టింది కాదు. 1951 నుంచి మూడేళ్ళు ఇక్కడే మకాం పెట్టి, కార్బూజియే బంధువైన ఆర్కిటెక్టు పియర్ జానరేతో కలిసి ఇళ్ళూ బళ్ళూ గీసింది ఇంగ్లండు ఆర్కిటెక్టులు మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ దంపతులు. కార్బూజియేని ఈ పనిలోకి తీసుకోమని మనవాళ్ళకు చెప్పిందీ వాళ్ళే. అంతకుముందు పశ్చిమ ఆఫ్రికాలో పనిచేసి, ఉక్కపోతలో మనిషికి ఏం కావాలో అక్కడ నేర్చుకుని వచ్చారు. ఎండ ఎటు, గాలి ఎటు అన్నదే వాళ్ళకు మొదటి లెక్క. ఇంటి అందం ఆ లెక్కలోంచే రావాలి. సిమెంటు, ఇనుము దొరకడం కష్టమైన రోజుల్లో ఇటుకతోనే నీడ కట్టారు. ఇది చవకబారు పని ఎలా అవుతుంది సార్? నా దృష్టిలో ఈ నగరంలో ఇంతకంటే తెలివైన పని ఇంకోటి లేదు.

ప్రభుత్వ ఇళ్ళను మొదట 13 తరగతులుగా గీశారు. ఒకటో తరగతి ముఖ్యమంత్రికి, పదమూడోది ప్యూన్లకు. ఇంటి రకం పేరులో అంకె హోదాది, పక్కన ఉన్న అక్షరం ఆర్కిటెక్టుది. ఆ పదమూడో తరగతి ఇంటికీ కుళాయి, మరుగుదొడ్డి ఉండాల్సిందేనని పట్టుబట్టి గీశారు. బంట్రోతు ఇంటికి అంత ఆలోచన పెట్టినవాళ్ళకు ఈ ఊళ్ళో ఒక బోర్డైనా కనపడదు. మా సెక్టార్‌లోని కిరణ్ సినిమా హాలు ఫ్రై గీసిందేనని మా వీధిలో ఎంతమందికి తెలుసు?

2016లో కార్బూజియే గీసిన క్యాపిటల్ కాంప్లెక్స్‌కు, అంటే అసెంబ్లీ, సెక్రటేరియట్, హైకోర్టు ఉన్న చోటికి, ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు మేమూ సంతోషించాం. ఆ రోజుల్లో ఇక్కడి ఆఫీసుల కోసం చేయించిన పాత కుర్చీలు విదేశీ వేలాల్లో అమ్ముడుపోతుంటే 2011లో ఎగుమతి ఆపమని ఆదేశాలొచ్చాయి. మంచి పని చేశారు. కుర్చీ మీద ఉన్న ఆ శ్రద్ధ మనుషులు ఉంటున్న ఇంటి మీద ఎందుకు లేదు?

ఆ ఇంజనీరు గారే కొలతలు తీసుకుని, ఫోటోలు తీసుకుని, ‘పైనుంచి నిర్ణయం వచ్చేదాకా ఎవరూ ముట్టుకోరు’ అని నా ముందే మాటిచ్చారు. రెండు వారాలు తిరక్కుండా ఇంకో రెండిళ్ళు పూడ్చారు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆఫీసుకు వెళ్తే క్యాంపులో ఉన్నారన్నారు. మర్నాడు వెళ్తే మీటింగన్నారు. సెలవు పెట్టుకుని మూడోసారి వెళ్తే, ఫైలు ఏ సెక్షన్‌లో ఉందో కనుక్కుని రమ్మని నన్నే పంపారు.

సార్, ముందు ఈ పని ఆపించండి. పూడ్చినవాటిని తెరిపించండి. అది ఇప్పుడే కుదరకపోతే మిగిలినవాటినైనా ముట్టుకోకుండా చూడండి. మార్చక తప్పని చోట ముందు ఆ గోడను కొలిచి డ్రాయింగ్ గీయించి పెట్టండి. ఆ దంపతుల పేర్లతో ఒక బోర్డు పెట్టించండి. అన్నిటికంటే ముందు మాత్రం పని ఆపించండి.

నా మాట మీద నమ్మకం లేకపోతే మీరే ఒకసారి రండి. మధ్యాహ్నం రెండు గంటలకు రండి. పూడ్చిన వరండాలో పది నిమిషాలు, మా వరండాలో పది నిమిషాలు కూర్చోండి. వచ్చే బుధవారం మా ఇంటి వంతని మేస్త్రీ చెప్పి వెళ్ళాడు. ఇసుక అప్పుడే గుమ్మం పక్కన పోసి ఉంది.

ఇట్లు,
సెక్టార్ 22 క్వార్టర్ల నివాసి