కిడ్నీ మార్పిడి తర్వాత క్యాన్సర్ పరీక్షలేవి?

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి క్యాన్సర్ ముప్పు మిగతావారి కంటే 2 నుంచి 3 రెట్లు ఎక్కువన్న సంగతి మన నెల్లూరు జిల్లా పల్లెల్లో చాలామందికి తెలియదు. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్, మైకోఫినోలేట్ వంటి మందులు రోగనిరోధక శక్తిని తగ్గించడమే ఇందుకు ప్రధాన కారణం. ఉదయగిరి వైపు కిడ్నీ మార్పిడి చేయించుకున్న మా బంధువు ఒకరు కింది పెదవిపై మానని పుండును వేడి చేసిందనుకుని నెలల తరబడి వెన్న రాసుకుంటూ గడిపారు. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష మాత్రం ఎన్నడూ తప్పలేదు. నోరు తెరిచి చూపమన్నవారే లేరు! అలాగని భయపడి డాక్టరుకు చెప్పకుండా మందులు మానేస్తే కిడ్నీయే పోతుంది. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో వీరికి ఏటా చర్మం, నోరు, మహిళలకైతే గర్భాశయ ముఖద్వారం ఉచితంగా పరీక్షించే ఏర్పాటు చేయాలి. పుండు, గడ్డ, మచ్చ ఏది కనిపించినా వెంటనే చూపించుకోవాలని మందుల చీటీపైనే తెలుగులో రాసివ్వాలి.

– ఒక పాఠకురాలు, ఆత్మకూరు, నెల్లూరు జిల్లా