మట్టి గుట్ట మీద జామాయిల్ నాటితే అడవేనా?

సంపాదకులకు,

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక అధికారి గారి మాటలు చదివాను. ఓసీ గని (నేలను పైనుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్ట్ గని) మూసేశాక ‘ఇరవై ఏళ్లలో అడవి దానంతటదే వస్తుంది, శాస్త్రవేత్తలే తేల్చారు’ అట. పక్కనే ఆయన మొక్క పట్టుకున్న ఫొటో. దానంతటదే వచ్చేదానికి ఆ మొక్క దేనికో మీ విలేకరి అడగలేదు.

ఆ ఇరవై ఏళ్ల లెక్క 2021లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. 77 చోట్ల చూసి, తిరిగి మొలిచే అడవి 20 ఏళ్లకు సగటున పాత అడవి స్థాయిలో 78 శాతానికి చేరుతుందన్నారు. నిజమే, కానీ అవి సాగు, మేత మానేసి వదిలేసిన నేలలు. అక్కడ మట్టి ఉంది, మోళ్లున్నాయి, గింజలు తెచ్చే పిట్టలున్నాయి. పాత అడవిలోని చెట్ల జాతులన్నీ అదే పాళ్లలో కుదురుకోవడానికి 120 ఏళ్లు దాటుతుందనీ అందులోనే ఉంది. ఆ ముక్క ఎందుకో అధికారి గారి కంట పడలేదు.

గని సంగతి అది కాదు. గయానాలో బంగారం తవ్విన అడవులపై 2020లో వచ్చిన పరిశోధన చూడండి. తవ్వకం ఆపిన మూడు నాలుగేళ్లకు కూడా కొన్ని గుంతల్లో చెట్టన్నది మొలవలేదు. అసలు కారణం బంగారం వేరు చేయడానికి వాడే పాదరసం కూడా కాదట, నేలలో నత్రజని లేకపోవడం. మన తునికి, మోదుగ నరికినా వేరు నుంచి పిలకలేస్తాయి. వేరుతో సహా నేలనే లేపేసి, అడుగున ఉన్న రాతి మట్టిని తెచ్చి గుట్ట పోస్తే పిలక ఎక్కడి నుంచి వస్తుంది?

పైమట్టిని విడిగా తీసి దాచి, మళ్లీ పరచాలని అనుమతి పత్రాల్లో షరతు రాస్తారు. తవ్వేసిన చోట గడ్డి పెంచడం కూడా షరతుగా పెట్టాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పశువులు మేయడానికి గడ్డయ్యా, అడవి కూడా కాదు! దాని ఊసెత్తిన వాళ్లెవరు? మనకు తెలిసింది జామాయిల్ వరసలు. వాటి కింద తునికాకు దొరకదు, ఇప్పపువ్వు రాలదు. వేసవిలో ఆకు కోసి నాలుగు రూపాయలు చూసుకునే ఆడవాళ్లను ఏ ప్రారంభోత్సవానికీ పిలవరు.

రోడ్ల పక్కనా ఇదే వరస. ఏటా తొలకరికి అదే గుంత, అదే మొక్క, కొత్త అధికారి. ఎన్ని బతికాయో లెక్క పెట్టే వేళకు పాతాయనకు బదిలీ అయిపోయి ఉంటుంది.

ఇకమీదట నాటిన మొక్కల సంఖ్య అచ్చు వేయకండి. మూడో వేసవి దాటినవి ఎన్ని, పైమట్టిని ఏ సర్వే నంబరులో కుప్ప పోశారు అన్నది అడిగి వేయండి.

– ఒక పాఠకుడు, ఖమ్మం