అమ్మానాన్నలను విమానంలోనే పంపించు మామా

తిరుపతి,
ఆదివారం రాత్రి

మామా,

నువ్వు ఫోను పెట్టేసినప్పటి నుంచి ఆ ఒక్క మాటే చెవిలో మోగుతోంది. "పైకి లేచిన నిమిషానికే ఇంజిన్ చెడిపోతే ఇంకేముందిరా, అమ్మానాన్నల్ని రైల్లోనే పంపిస్తా" అన్నావు. అప్పుడు షాపులో జనం ఉన్నారు, సరిగ్గా మాట్లాడలేకపోయాను. ఇప్పుడు షట్టర్ దించేసి, అన్నం తిని, మేడ మీద కూర్చుని రాస్తున్నాను. కొంచెం పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదువు.

నీ భయం నాకు తెలియనిది కాదు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలినప్పుడు రెండు రోజులు నాకూ ముద్ద దిగలేదు. లోపలున్న 242 మందిలో ఒక్కరే బతికారు. అది పడింది మెడికల్ కాలేజీ హాస్టల్ మీద, మధ్యాహ్నం భోజనాల వేళ. అన్నం కంచాలు బల్లల మీద అలాగే ఉండిపోయిన ఫోటో చూశాను, ఇప్పటికీ కళ్ళ ముందు నుంచి పోదు. దాని గురించి నేను తీర్పు చెప్పను, చెప్పేంత వాణ్ణి కాను. ఒక్క ఇంజిన్ పోతే ఏమవుతుందని కదా నువ్వు అడిగింది, దానికి వేరే ప్రమాదం చెబుతాను. అమ్మానాన్నలు ఎక్కబోయేది ఏటీఆర్, అంటే రెండు ఇంజిన్లకూ బయట ఫ్యాన్లు తిరిగే విమానం, అన్నావు కాబట్టి అది నీకు తెలిసే తీరాలి.

తైవాన్‌లోని తైపేలో 2015 ఫిబ్రవరి 4 ఉదయం ట్రాన్స్‌ఏషియా వాళ్ళ ఏటీఆర్ 72 విమానం 58 మందితో లేచింది. ఇంకా 1,200 అడుగుల ఎత్తులో ఉండగానే కుడి ఇంజిన్ ఫ్యాను ఫెదర్ అయిపోయింది. ఫెదర్ అంటే ఏంటో చెబుతా. చిన్నప్పుడు జీపులో కొండకు పోతూ చెయ్యి బయట పెట్టేవాళ్ళం, గుర్తుందా? అరచెయ్యి గాలికి ఎదురుగా పెడితే చెయ్యి వెనక్కి లాగేసేది. కత్తిలా పక్కకు తిప్పితే గాలి జారిపోయేది. ఇంజిన్ ఆగినప్పుడు ఫ్యాను రెక్కలు గాలికి అడ్డం పడకుండా అలాగే కత్తిలా తిరిగిపోయే ఏర్పాటు ఏటీఆర్‌లో ఉంటుంది. ఆ రోజు కుడి ఇంజిన్ నిజానికి ఆగలేదు. ఆగిందని తప్పుడు సిగ్నల్ పోవడంతో రెక్కలు తిరిగిపోయాయి.

ఆ తప్పుడు సిగ్నల్ ఎక్కడి నుంచి వచ్చిందో చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది మామా. ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెలో సీసంతో అతికించిన సోల్డరింగ్ జాయింట్లు పగిలి ఉన్నాయట. డ్రై సోల్డర్! టీవీలు, రేడియోలు బాగుచేసే నా షాపులో ఇరవై ఏళ్ళుగా నేను రోజూ చూసేది అదే కదా. టీవీ బాగానే ఆడుతుంటుంది, ఉన్నట్టుండి బొమ్మ పోతుంది. పైన ఒక్క దెబ్బ వేస్తే మళ్ళీ వస్తుంది. బోర్డు తిరగేసి భూతద్దం పెట్టి చూస్తే, పార్టు కాలు చుట్టూ వెంట్రుక కంటే సన్నంగా నల్లటి గీత కనబడుతుంది. వేడెక్కితే కలుస్తుంది, చల్లారితే విడిపోతుంది. నా బల్ల మీద దానికి మందు ఒక చుక్క సీసం. అక్కడ దాని వల్లే ఒక విమానం ఆపదలో పడింది.

అయినా కూలిపోయేంత ఆపద కాదది. ఈ మాట నువ్వు బాగా పట్టుకోవాలి. రెండు ఇంజిన్ల ప్రయాణికుల విమానం ఏదైనా, లేచేటప్పుడు ఒకటి పోయినా రెండోదానితో పైకి ఎక్కగలదని నిరూపిస్తేనే దానికి అనుమతి ఇస్తారు. ఆ రోజు ఎడమ ఇంజిన్ నిక్షేపంగా ఉంది. ముందున్న స్క్రీన్ మీద పోయింది రెండో నంబరు ఇంజిన్ అని, అంటే కుడిదని, రాసి మరీ చూపిస్తోంది. అయినా కెప్టెన్ చెయ్యి ఒకటో నంబరు, అంటే ఎడమ ఇంజిన్ పవర్ తగ్గించే లివర్ మీదికి పోయింది. ఒక్క క్షణం ఆగి సరిచూద్దామని పక్క సీటు పైలట్ అన్నాడు కూడా. ఆగలేదు. బాగున్న ఇంజిన్‌నే ఆపేశారు. తప్పు తెలుసుకుని మళ్ళీ స్టార్ట్ చేయబోయేసరికి కింద ఎత్తు మిగల్లేదు. రెక్క ఫ్లైఓవర్ మీద పోతున్న ట్యాక్సీని కొట్టి, విమానం కీలుంగ్ నదిలో పడింది. మొదటి హెచ్చరిక మోగినప్పటి నుంచి మొత్తం రెండు నిమిషాలు. 43 మంది పోయారు.

ఆ కెప్టెన్‌ను తిట్టడానికి నాకు నోరు రాదు. ఎందుకంటే ఆ పని నేనూ చేశాను. నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాలుగేళ్ళ కిందట బల్ల మీద రెండు సెట్లు విప్పి పెట్టుకున్నాను, ఒకదానిలోంచి పొగ వచ్చింది. టెన్షన్‌లో స్విచ్ ఆపేసి లోపల చెయ్యి పెట్టాను. ఆపింది పక్క సెట్టు స్విచ్చి. షాక్ కొట్టి అంత దూరం పడ్డాను, భుజం దాకా మొద్దుబారిపోయి గంట సేపు చెయ్యి లేవలేదు. పని నేర్చుకుంటున్న పిల్లాడు అక్కడే నిలబడి అంతా చూశాడు. "చెప్పొచ్చు కదరా" అంటే, "నీకు తెలిసే చేస్తున్నావేమో అనుకున్నా అన్నా" అన్నాడు. కళ్ళలో నీళ్ళు పెట్టుకుని అన్నాడు మామా.

1989 జనవరి 8న ఇంగ్లాండ్‌లో కెగ్‌వర్త్ దగ్గర అచ్చంగా ఇదే జరిగింది. బోయింగ్ 737, ఎడమ ఇంజిన్‌లో ఫ్యాన్ బ్లేడు విరిగింది. పైలట్లు కుడిదాన్ని ఆపారు. వణుకు కాస్త తగ్గేసరికి సరైన పనే చేశామనుకున్నారు. కుడి ఇంజిన్ ఆపామని మైకులో చెప్పారు. ఎడమ వైపు నిప్పురవ్వలు కళ్ళారా చూసిన వాళ్ళు లోపల ఉన్నారు, ఎవరూ నోరు విప్పలేదు. 126 మందిలో 47 మంది పోయారు. అది చదివిన ప్రతిసారీ నాకు మా షాపు పిల్లాడి ముఖమే కనబడుతుంది. ఇప్పుడు మా షాపులో ఎవరు "ఆగు" అన్నా చేతిలో పని ఆగాల్సిందే. నిన్నగాక మొన్న చేరిన వాడు అన్నా సరే.

ఇంకొకటి చెప్పి ఆపుతా. 2010 నవంబర్ 4న సింగపూర్ నుంచి లేచిన క్వాంటాస్ ఎయిర్‌బస్ ఎ380లో కొన్ని నిమిషాలకే ఒక ఇంజిన్ పేలి ముక్కలు రెక్కలోంచి దూసుకుపోయాయి. లోపల 469 మంది. కాక్‌పిట్‌లో ఐదుగురు పైలట్లు వరుసగా వస్తున్న హెచ్చరికలన్నీ ఒక్కొక్కటే చదువుకుంటూ, సరిచూసుకుంటూ, దాదాపు రెండు గంటలు గాలిలోనే తిరిగి అప్పుడు దించారు. ఒక్కరికీ గాయం కాలేదు. పైలట్ల చేత సిమ్యులేటర్‌లో, అంటే నేల మీదుండే నకిలీ కాక్‌పిట్‌లో, ఇంజిన్ పోయినట్టు మళ్ళీ మళ్ళీ ప్రాక్టీసు చేయించేది ఆ నిదానం కోసమే. తైపే ప్రమాదం తర్వాత ఆ కంపెనీ ఏటీఆర్ పైలట్లందరికీ మళ్ళీ పరీక్ష పెట్టారు. పెట్టాల్సిందే, ఏడాదేడాదీ పెట్టాలి, తప్పిన వాళ్ళను ఎక్కనివ్వకూడదు. టికెట్ ధర గురించి అడుగుతాం కానీ ఈ పరీక్షల గురించి మనం ఎవరినీ అడగం, నాకు బాధ అక్కడే.

అందుకని రైలు టికెట్ తియ్యకు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, రాత్రంతా బెర్తులో ఏం పడుకుంటుంది? ఏటీఆర్‌లో రెక్క పైన ఉంటుంది కాబట్టి కిటికీలోంచి నేల బాగా కనబడుతుంది. నాన్నకు కిటికీ సీటు బుక్ చెయ్యి, రేణిగుంటలో దిగేటప్పుడు కొండ చూసుకుంటాడు. మెట్లు వెనక తలుపు దగ్గర ఉంటాయి, అమ్మకు నడక తగ్గాలంటే వెనక వరుసలు తీసుకో. టైము చెప్పు, షాపు పిల్లాడికి అప్పగించి కారు తీసుకుని గంట ముందే పోయి ఉంటాను.

నీ
రేడియో షాపు వాడు