మా పత్రిక గట్టెక్కడానికి చేయి వేసిన వాళ్లకి

మా క్యాంపస్ స్త్రీవాద పత్రిక కొత్త సంచిక మొత్తానికి చేతికొచ్చింది. టీమ్ పేర్లు వెనక పేజీలో ఉన్నాయి కానీ, దాన్ని గట్టెక్కించిన వాళ్ల పేర్లు అందులో లేవు. కొందరు వద్దన్నారు, ఇంకొందరిని అడిగే టైమ్ దొరకలేదు. అందుకే ఈ పోస్టు.

ముందుగా లాయర్ అక్కకి. ఈసారి మెయిన్ స్టోరీ లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ మీద. ఆ మాట వినగానే "కేసులవుతాయి, మీకెందుకమ్మా" అన్నవాళ్లే ఎక్కువ. అక్క మాత్రం "డ్రాఫ్ట్ పంపండి" అంది. రాత్రికి రాత్రే చదివి, అంచుల్లో ఎర్రగా రాసి పంపింది. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదులో ఏముందో, అందులో ఉన్నవాళ్లెవరో, విచారణ ఎలా సాగిందో బయటపెట్టకూడదు. హాస్టల్ బ్లాక్, డిపార్ట్‌మెంట్, ఏ ఇయరో ఒకచోట రాస్తే పేరు రాసినట్టే కాబట్టి అవీ కొట్టేసింది. అంతటితో వదల్లేదు, ఏం రాయొచ్చో కూడా చెప్పింది. కమిటీ అసలు ఉందా? సభ్యుల పేర్లు నోటీసు బోర్డులో పెట్టారా? బయటి సభ్యులు ఎవరు? విచారణ 90 రోజుల్లో ముగియాలని ఎంతమందికి తెలుసు? 2015 యూజీసీ నిబంధనల ప్రకారం, విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు కూడా కమిటీలో కూర్చోవాలి. "ఆ ముగ్గురు ఎవరు?" అన్నదే చివరికి హెడ్డింగయింది. నన్నడిగితే ఎవరి పేరూ లేని ఈ స్టోరీయే మొదటి డ్రాఫ్ట్ కంటే పదునుగా ఉంది.

డీటీపీ చేసిన అక్కకి ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. ఫోన్లలో యూనికోడ్‌లో కొట్టిన వ్యాసాల్ని ప్రెస్ వాడే పాత ఫాంట్‌లోకి మార్చగానే వత్తులన్నీ చెల్లాచెదురయ్యాయి. మా పత్రికలో "స్త్రీ" రాని పేజీ ఉండదు కదా, ప్రతి పేజీలోనూ అదే విరిగింది! స్క్రీన్ మీద స్కేలు పెట్టుకుని, లైను వెంట లైను దిద్దింది. మధ్యలో ఒక వ్యాసం చదివి "ఇది నిజమేనా?" అని ఆగిపోయింది కూడా.

ప్రెస్ అన్నకి: ముందు ఒప్పుకున్న ప్రెస్ మొదటి పేజీ చూసి వెనక్కి తగ్గాక, మీరు అడిగింది ఒక్కటే, "ఎనిమిది పేజీలా, పన్నెండా?" మడతపెట్టే పేపర్ కదా, నాలుగు చొప్పునే పెరుగుతుంది. మా దగ్గర పదికి సరిపడా మేటర్ ఉంది. ఎనిమిదికి కుదించాం.

లైబ్రరీలో పాత సంపుటాలు దుమ్ము దులిపి ఇచ్చిన మేడమ్ వల్లే చివరి పేజీ నిండింది. 1902లో తొలితరం రచయిత్రి భండారు అచ్చమాంబ కథ అచ్చేసిన హిందూసుందరి పత్రిక నుంచి 1993లో మొదలైన స్త్రీవాద పత్రిక భూమిక దాకా, మనకన్నా ముందు ఎవరెవరు ఈ పని చేశారో అందులో చూడొచ్చు.

అబ్బాయిల హాస్టల్లో ఒక కట్ట పంచి, అక్కడ వచ్చిన వెటకారాలన్నీ ఓపిగ్గా విన్న జూనియర్‌కి స్పెషల్ థాంక్స్. ఇంకో కట్ట ఇస్తాం, రెడీగా ఉండు.

ఇక పేజీలు కుదించినప్పుడు కవిత పోయిందని అలిగిన సెకండియర్ మిత్రురాలికి: వచ్చే సంచికలో రెండో పేజీ నీదే. ఈసారి మాత్రం కాస్త చిన్నది రాయి తల్లీ.